గోడ మీద నా ముఖం

మా ఆఫీసు సెల్లార్‌లో గోడలకు కొత్త రంగు వేస్తున్నారు. రాయదుర్గం మెట్రో దిగి అటుగా నడిచి వచ్చేటప్పుడు పెయింటూ టర్పెంటైనూ కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, ఊరూరా గోడల మీద ప్రకటనలు రాసే మా యాదగిరి మామ గుర్తుకొస్తాడు.

నా చిన్నప్పుడు ఇక్కడ ఇన్ని అద్దాల మేడలు లేవు. గుట్టలుండేవి, గుట్టల పక్కన కంకర క్వారీ, దాన్ని ఆనుకుని రాళ్లు కొట్టేవాళ్ల బస్తీ. వానలు వెనకబట్టాక బండల సందుల్లో సీతాఫలాలు కళ్లు విచ్చేవి. వాటిని కోసి బియ్యం డబ్బాలో మగ్గబెట్టి, బతుకమ్మ నాడు అమ్మ బెల్లమూ నెయ్యీ వేసి చేసిన మలీద ముద్దలతో పాటు తినేవాళ్లం. మధ్యాహ్నం గుట్ట పేల్చే ముందు ఈల వేసేవారు. ఆట ఆపి ఇళ్లలోకి పరుగెత్తేవాళ్లం. కాసేపటికి తెల్లటి దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద, అన్నం మీద, క్వారీ నుంచి వచ్చే మా నాయిన కనుబొమల మీద కూర్చునేది.

నాయిన దగ్గేవాడు. బస్తీలో సగం మంది మగవాళ్లు దగ్గేవారు. దవాఖానకు పోతే టీబీ అని పేరు పడుతుందని, పేరు పడితే మేస్త్రీ పనిలో పెట్టుకోడని భయం. కూకట్‌పల్లి నుంచి వచ్చే విజయ సిస్టరు గడపగడపకూ తిరిగి కళ్లె పరీక్షకు రమ్మంటే తలుపులు వేసుకునేవారు. చివరికి ఆమె, క్వారీ దారిలోని పెద్ద గోడ మీద ప్రకటన రాయమని మామను పిలిచింది.

మామ నన్ను స్టూలు మీద నిలబెట్టి, "నవ్వకు బిడ్డా, నన్నే సూడు" అంటూ రెండు రోజులు నా ముఖం గీశాడు. గోడంత ముఖం, తాంబాళాలంత కళ్లు. దాని కింద ఎర్రరంగుతో "నాయినా, ఎప్పుడు పోతవ్?" అని రాశాడు. ఆ కింద చిన్న అక్షరాలు: "దవాఖానకు. దగ్గు రెండు వారాలు దాటితే పరీక్ష చేయించుకో."

సిస్టరు కంగారుపడింది. "ఇలా రాస్తే జనం మనల్ని కొడతారండీ!"

"మీ తీరుగ రాస్తె ఎవ్వరు సూడరు సిస్టరమ్మా," అన్నాడు మామ.

అమ్మ గోడ ముందు నిలబడి, "నా బిడ్డ మొఖం పెట్టి సావు రాస్తవారా తమ్మీ?" అని ఏడ్చింది. నాతో ఆడే పిల్లలు దూరం జరిగారు. ఎవరో ఆ ముఖం మీద పేడ కొడితే మామ కడిగి మళ్లీ రంగు వేశాడు. అయినా ఒక్కొక్కరే, తలకు తువ్వాల కప్పుకుని, పరీక్షకు పోవడం మొదలైంది. నాయిన మాత్రం ఆ గోడ కంటపడకుండా గుట్ట చుట్టూ తిరిగి పనికి పోయేవాడు.

శివరాత్రి ముందర నాకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. నాలుగో రోజు నాయిన నన్ను భుజాన వేసుకుని ఆ దారినే నడిచాడు. గోడ కింద ఊపిరందక ఆగాడు. నా చెంప కింద అతని ఛాతీ గరగరమంటోంది. పైకి చూడలేదు. దవాఖానలో సిస్టరు ఇద్దరికీ పరీక్ష చేయించింది. నాకు ఉత్త జలుబు. నాయినకు టీబీ.

మందులతో టీబీ పోయింది. దగ్గు పోలేదు. మళ్లీ ఎక్స్‌రే తీసిన డాక్టరు, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందని, దానికి మందు లేదని చెప్పాడు. ఆ సంగతి ఏ గోడ మీదా ఎవరూ రాయలేదు. పడుకుంటే ఊపిరాడక నాయిన కూర్చునే నిద్రపోయేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో, అలా కూర్చునే పోయాడు.

ఇప్పుడు ఆ గుట్ట లేదు, బస్తీ లేదు, నాయినతో కలిసి రాళ్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ లేరు. నా సీటు పదకొండో అంతస్తులో. కింద ఇంకో టవరు కోసం బండను తొలుస్తున్నారు. ఎక్కడినుంచో వచ్చిన కూలీలు, మూతికి గుడ్డలు కట్టుకుని. అమ్మ రోజూ ఫోన్ చేసి, "కిటికీ తెర్వకు బిడ్డా" అంటుంది. ఇక్కడి కిటికీలు తెరుచుకోవని చెబుతాను. సాయంత్రానికి అద్దం అవతలి వైపు దుమ్ము తెల్లగా పేరుకుంటుంది, కింద పనిచేసే మనుషులు కనబడరు.