ఎవరిష్టం వాళ్ళదన్న గిన్నె

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను జువ్వలదిన్నె దగ్గర ఒక లూథరన్ సంఘానికి పాస్టరుగా వేశారు. ముప్పై ఆరేళ్ళకే ఆ ఉద్యోగం మానేశాను కాబట్టి విశ్రాంత పాస్టరంటే నవ్వుతారు. వీడ్కోలు రోజున శాలువా మాత్రం కప్పారు.

మా ప్రభు భోజనం పద్ధతి ఇది: విశ్వాసులు వచ్చిన వరుసలోనే బలిపీఠం ముందు మోకరిస్తారు. రొట్టె ఇచ్చాక పాస్టరు ద్రాక్షరసం ఉన్న ఒకే వెండి గిన్నెను ఒకరి నోటికి అందించి, అంచు తుడిచి, కాస్త తిప్పి, పక్కవారికి అందిస్తాడు. ఒకప్పుడు గురువులకే పరిమితమైన ఆ గిన్నె మామూలు విశ్వాసి దాకా రావడానికి యూరప్‌లో మా సంఘ పూర్వీకులు ఐదువందల ఏళ్ళ కిందట పెద్ద పోరాటమే చేశారు. నేను రాకముందే, జబ్బు రోజుల్లో సంఘంవాళ్ళు దాన్ని బీరువాలో పెట్టి, దగ్గుమందు మూతల్లాంటి ప్లాస్టిక్ కప్పులు తెచ్చారు.

సంఘంలో రెండు వీధులు. పై వీధివాళ్ళు కింది వీధి ఇళ్ళల్లో మంచినీళ్ళు ముట్టరు. గిన్నె ఉన్న రోజుల్లో మాత్రం ఎవరి పక్కన ఎవరు మోకరిస్తే వాళ్ళ తర్వాతే తాగేవారట. ఆ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు.

కింది వీధిలో ఎండుచేపలమ్మే మరియమ్మ ఒకరోజు నన్ను నిలదీసింది.

"జబ్బు పోయె గదయ్యా, గిన్నె యాడబోయింది? దాంట్లో వాళ్ళ తర్వాత నేను, నా తర్వాత వాళ్ళు తాగినాం. ఈ బుడ్డి కప్పుల్లో ఎవురిది వాళ్ళదే."

విషయం కమిటీలో పెట్టాను. పై వీధికి చెందిన కార్యదర్శిగారు శుభ్రత మీద సుదీర్ఘంగా ప్రసంగించారు. రోజూ హార్బరు టీకొట్లో బకెట్లో ముంచి తీసిన గ్లాసుతో టీ తాగే మనిషి. చివరికి రెండూ ఉంచుదాం, ఎవరిష్టం వాళ్ళదని తీర్మానించారు. ఎవరూ కాదనలేని తీర్మానమంటే కమిటీలకు ప్రాణం.

ఆ ఆదివారం గిన్నె దగ్గరికి కింది వీధి మొత్తం వచ్చింది. పై వీధి నుంచి ఒక్కరూ రాలేదు. వాళ్ళంతా కప్పుల పళ్ళెం దగ్గరే ఆగిపోయారు. మరియమ్మ మోకాళ్ళ మీదే తల తిప్పి అటు చూసి, తాగింది. ఆరాధన అయ్యాక, నేను అంగీ విప్పుతుంటే వచ్చింది.

"లోపల పెట్టేయ్ అయ్యా. ఇది మా వీధి గిన్నె అయిపాయ."

పెట్టేశాను. అంతకుముందు నా నివేదికల్లో ఆ సంఘంలో ఐక్యత ఉందని రాసేవాణ్ణి. అక్కడ ఉన్నది ఒక పద్ధతి మాత్రమే. దానికి 'ఇష్టమైతే' అన్న మాట చేర్చాక ఒక్క ఆదివారం కూడా నిలవలేదు.