పనిచెయ్యని గడ్డ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్‌గా చేరాను. గురువారాలు తాండూరులో ఓపీ చూసేవాణ్ని. ముప్పై ఆరేళ్ళ వయసుకే నా నడుము నాకంటే ముందు రాజీనామా ఇచ్చింది కనక నేనిప్పుడు విశ్రాంత వైద్యుణ్ని. పెన్షన్ లేదు, జ్ఞాపకాలే ఉన్నాయి.

జబ్బార్ అనంతగిరి కొండ ఘాటు రోడ్డు మీద ఆటో నడిపేవాడు. మే నెలలో స్వెటర్ వేసుకుని వికారాబాద్ ఆసుపత్రికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మొహం మైనంలా పాలిపోయింది. భార్య షహనాజ్ గొంతు తగ్గించి చెప్పింది: "గడ్డం గీసి ఎన్నొద్దులైందో సాబ్. పెరుగుతలేదు."

అతని బాధ వేరు. "ఘాటుల మనుషులు గాలిలకెళ్లి పుడుతున్నరు సాబ్. రోడ్డు ఖాళీ ఉంటది. రెప్ప కొట్టేలోపల ముక్కు ముందట నిలబడుతరు. మొన్న ఒకామె నా దిక్కే చూస్తుండె."

మెడ నిండా దయ్యాలు పోవాలని కట్టిన తావీజులు. ఆటోకు రెండు పక్కల అద్దాలూ పగిలాయి. దయ్యాలకు కుడి ఎడమల నుంచి సమంగా వచ్చే క్రమశిక్షణ ఉండదని నా అభిప్రాయం.

ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, నా వేలిని అతని చెవి వైపు నుంచి ముక్కు వైపు జరిపాను. చూపు వెడల్పు కొలిచే చవక పద్ధతి ఇది. వేలు ముఖం మధ్యకు వచ్చేదాకా అతనికి అది లేనే లేదు. రెండో కంటికీ అంతే.

ఇంతలో పక్క తలుపు లోంచి షహనాజ్ తమ్ముడు సలీం వచ్చి బావ భుజం దగ్గరే నిలబడ్డాడు. తాండూరులో అతనికి పెళ్ళిళ్ళకు పందిళ్ళు అద్దెకిచ్చే టెంట్‌హౌస్ ఉంది. జబ్బార్ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. సలీం ఒక్క అడుగు ముందుకేశాడు. జబ్బార్ కేక పెట్టి లేచాడు, లేవగానే కళ్ళు తిరిగి కూలబడ్డాడు.

"దయ్యం గాదు బావా, నీ బామ్మర్దిని. రెండూ ఒకటే అనకు."

స్కాన్‌లో కారణం కనబడింది. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అక్కడ కణితి పెరిగి, పైన కంటి నరాలు కలిసే చోటును నొక్కుతోంది. పక్క చూపు తెచ్చే తీగలు ఒకదాన్నొకటి దాటేది అక్కడే. గ్రంథి కూడా నలిగింది. రక్తంలో కార్టిసాల్, థైరాయిడ్, మగ హార్మోను మూడూ తక్కువ; అందుకే ఆ కళ్ళు తిరగడం, చలి, పెరగని గడ్డం. ఈ మూడూ పడిపోతే వాటికి ఆజ్ఞలిచ్చే పిట్యూటరీ హార్మోనులు పెరగాలి. పెరగలేదు. ప్రొలాక్టిన్ మాత్రం కాస్త ఎక్కువ, అదీ గ్రంథిని మెదడుకు కలిపే కాడ నలగడం వల్లే. కణితి సొంతంగా ఏ హార్మోనూ చెయ్యదు కాబట్టి దాన్ని నాన్ ఫంక్షనింగ్ అంటారు. హార్మోను చేసే కణితి చేతులో కాళ్ళో పెంచి ముందే పట్టుబడుతుంది. ఇది చప్పుడు లేకుండా పెరుగుతుంది.

రిపోర్టులు వచ్చిన రోజు ముగ్గురికీ ఆ పేరు చెప్పి, ఆపరేషన్ కావాలన్నాను. సలీం నవ్వాడు.

"నాన్ ఫంక్షనింగ్ అంటే సీజన్ లేదన్నట్టే గద సాబ్. ఫంక్షన్లు లేనప్పుడు మేం గోదాం తాళం గూడ తియ్యం. పండుకున్న గడ్డను లేపుడెందుకు? పా బావా."

జబ్బార్ జేబులోంచి తాళంచెవి తీశాడు. కిటికీలోంచి చూస్తే అతని ఆటోలో అప్పటికే ఘాటుకు పోయే జనం ఎక్కి కూర్చున్నారు. డ్రైవర్ కోసం చూస్తున్నారు.

"సలీం భాయ్, సీజన్ లేదని పందిరి గుంజలన్నీ తెచ్చి జనరేటర్ మీద పడేస్తే?"

"జనరేటర్ ఖరాబైతది."

"పక్కన వైర్లు?"

"తెగుతయ్..." అన్నాడు సలీం. బావ వైపు చూసి, మెల్లగా పక్కనుంచి చెయ్యి చాపి తాళంచెవి లాక్కున్నాడు. ఆ చెయ్యి రావడం జబ్బార్ చూడలేదు. ఖాళీ అయిన తన వేళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాం. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. హైదరాబాద్‌లో ముక్కు గుండా కణితి తీశారు. కుడి పక్క చూపు చాలావరకు తిరిగొచ్చింది, ఎడమ పక్క సగమే. మాత్రలు జీవితాంతం వాడాలి. జబ్బార్ ఆటో అమ్మేసి తాండూరులో బామ్మర్ది టెంట్‌హౌస్ కౌంటర్‌లో కూర్చున్నాడు.

ఈ కేసుతో తెలిసింది ఒకటే. రోగం పేరు చెప్పగానే వైద్యుడి పని అయిపోదు. ఆ పేరు అవతలివాళ్ళకు ఏమని వినబడిందో అడగాలి. అడగకపోతే వాళ్ళు మర్యాదగా తలూపి, ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతారు.