జపం అనుకున్నది

జెర్సీ సిటీలో మేమున్న అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా ఫైర్ స్టేషన్ ఉండేది. అద్దె తక్కువ కావడానికి కారణం అదేనని చేరాక తెలిసింది. నాకూ నా భార్యకూ త్వరలోనే అలవాటైపోయింది. మాతో ఉండే మా బావమరిదికి మాత్రం కాలేదు.

ముప్పై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ చప్పుడు భరించలేడు. ట్యూబ్‌లైటు కింద కూర్చోలేడు. కాలర్ వెనక లేబుల్ కత్తిరిస్తేగానీ చొక్కా తొడుక్కోడు. మా ఊళ్లో దాన్ని చాదస్తం అన్నారు. ఇక్కడి డాక్టరు ఆటిజం అన్నాడు. పంతొమ్మిదివందల డెబ్బైల చివరి రోజులవి. ఎదిగిన మనిషి గురించి ఆ మాట వినడం మాకదే మొదటిసారి.

సైరన్ మోగితే రెండు చేతులతో చెవులు మూసుకుని, గోడకి తల ఆనించి అరిచేవాడు. సైరన్ ఆగినా అరుపు ఆగేది కాదు. పై అంతస్తువాళ్లు పోలీసుల్ని పిలిచారు. మళ్లీ పిలిస్తే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనన్నాడు బిల్డింగ్ మేనేజర్.

డాక్టరు బిళ్లలు రాశాడు. కొద్ది వారాల్లో ఇల్లు నిశ్శబ్దమైపోయింది. సైరన్ మోగినా అతను కుర్చీలో కదలకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"చూశారా, వాడికి చప్పుడు పట్టడం లేదు," అని నా భార్య మురిసిపోయింది.

నేను పత్రికాఫీసులో వార్తలు దిద్దేవాణ్ని. సాయంత్రం ఇంటికొచ్చి అతని ఎదురుగా కూర్చుంటే ఆ ముఖంలో ఏదో లోపించినట్టుండేది. ఏమిటో చాలా రోజులకి తట్టింది. రెప్ప వేయడం తగ్గిపోయింది.

ఆ చలికాలం నడక మొదలైంది. కూర్చుంటే లేచేవాడు, లేస్తే నడిచేవాడు. అన్నం కూడా నడుస్తూనే తినేవాడు. ఆందోళన పెరిగిందని చెప్పి డాక్టరు మోతాదు పెంచాడు. నడకా పెరిగింది.

చలి తగ్గాక ఐసెలిన్‌లో తెలిసినవాళ్లింట సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. బేస్‌మెంట్‌లో దుప్పట్లు పరిచి, పురోహితుడు దొరక్క కథ క్యాసెట్‌లో పెట్టారు. అందరూ కూర్చుని వింటుంటే మా బావమరిది పూజ పీట చుట్టూ తిరుగుతున్నాడు. పెదవులు ఆడుతున్నాయి.

"ఏమ్మా, మీ తమ్ముడు ఎన్ని ప్రదక్షిణలు చేస్తాడు! మా ఆయన్ని రెండోసారి తిరగమంటే మోకాళ్లంటారు," అంది ఇంటావిడ.

"నీ చుట్టూ తిరిగి అరిగినవేగా అవి," అన్నాడాయన. అందరూ నవ్వారు.

"ఆ పెదవులు చూడండి, ఎడతెగని జపం. ఏ నామం బాబూ?" అంది ఇంటావిడ మళ్లీ.

"నామం లేదండీ," అన్నాడు మా బావమరిది, ఆగకుండానే. "నేను అనట్లేదు. నోరే తిరుగుతోంది."

మూలనున్న పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. "విన్నారా? దానంతటదే సాగుతోందట! అజపాజపం అంటే అదే. మనం నలభై ఏళ్లు కళ్లు మూసుకు కూర్చున్నా రాదు. పెట్టి పుట్టాడు."

ఒకావిడ తన పిల్లల్ని ముందుకు తోసింది. వాళ్లు "హాయ్ అంకుల్" అంటూ, నడిచిపోతున్న ఆ కాళ్లకి వంగి దణ్ణం పెట్టబోయారు.

నా భార్య నవ్వలేదు. ప్రసాదం గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది.

తిరిగొస్తూ కార్‌లో అడిగింది. "నోరు ఎప్పట్నించి తిరుగుతోందిరా?"

"బిళ్లలు పెంచాక. ఇలా పట్టుకుంటే ఆగుతుంది." వెనక సీట్లో తల బాగా వంచి, గడ్డం చేత్తో పట్టుకుని చూపించాడు.

"సైరన్ ఇప్పుడు నిన్ను బాధపెట్టట్లేదు కదా?" అంది.

"పెడుతోంది. అప్పటంత పెద్దగానే."

"మరి చెవులు మూసుకోవేం?"

"చేతులు బరువు, చెవులదాకా లేవట్లేదక్కా."



మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నాలుక బయట పెట్టి అలాగే ఉంచమన్నాడు. మా బావమరిది ఉంచలేకపోయాడు. ఎవరో లోపలి నుంచి లాగినట్టు అది వెనక్కి పోయేది. డాక్టరు గొంతు తగ్గించాడు.

"ఇదంతా మందువల్లే. మెల్లగా తగ్గిద్దాం. నడక పోతుంది, చేతులు తేలికవుతాయి. నోరు మాత్రం మొదట ఇంకా ఎక్కువ కావచ్చు. కొందరికి నెమ్మదిస్తుంది. కొందరికి అలాగే ఉండిపోతుంది."

"మావాడికి?" అంది నా భార్య.

"చూడాలి."

ఎండాకాలం చివరికి నడక ఆగింది. రెప్పలు పడుతున్నాయి. సైరన్‌కి దూరంగా ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. అతను మాత్రం రోజంతా గడ్డం కింద చెయ్యి పెట్టుకునే కూర్చునేవాడు. కొత్తగా చూసేవాళ్లకి ఏదో ఆలోచిస్తున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. అతని రెండు చేతులూ చివ్వున లేచి చెవులు మూసుకున్నాయి.

"లేచాయి, చేతులు లేచాయి!" అంటూ నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

ఫైరింజన్ వీధి మలుపు తిరిగి దూరమైంది. అతను అరవలేదు. చేతులు చెవుల మీదే ఉన్నాయి. పట్టి ఆపే చెయ్యి లేక, నోరు తిరుగుతూనే ఉంది.