చెత్త అనే బటన్

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అనేవారు. పూర్వం ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేది. ఆ పత్రిక మూతపడ్డాక, పేరూ ఊరూ చెప్పకుండా ఎవరైనా ఏదైనా పెట్టి పోగలిగే ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో కాపలా పనికి కుదిరింది. బెదిరింపు, దొంగసరుకు బేరం, చూడరాని ఫొటో, ఏది తెర మీదికొచ్చినా చిటికెలో కోసి పారేసేది. కంపెనీ కాగితాల్లో ఆ ఉద్యోగం పేరు 'విశ్వాస నిపుణురాలు'. ఎదురుగోడ మీద, దీర్ఘంగా శ్వాస తీసుకోమని ఒక పోస్టరు. చెత్త ఊడ్చే పనికి ఇన్ని సోకులు దేనికని ఆమె నవ్వేది.

ఆ పనిలో పాతకాపులకు ఒక కిటుకు తెలుసు. ముఖాలు చూడకూడదు. చూస్తే అవి ఇంటిదాకా వెంటబడతాయి. అందుకని గోడలు, కర్టెన్లు, దుప్పట్లు చూసి తీర్పు చెబుతారు. ఆ ఉదయం కత్తెరకు ముందు కనబడింది కూడా తువ్వాలే. నీలం రంగు, పసుపు అంచు, ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. ఆ మచ్చ తన చేతి చలవే. తువ్వాలు పట్టుకుని బట్టలు మార్చుకుంటున్న మనిషి సొంత చెల్లెలు.

అమ్మానాన్నలు పోయాక రెండు గదుల ఇంట్లో మిగిలింది ఆ ఇద్దరే. చెల్లెలు ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. బట్టలు మార్చుకునే గది అడ్డుగోడ పైనుంచి ఎవరో ఫోన్ ఎత్తి తీశారు. ఫొటో కింద వ్యాఖ్యలు రాయడానికి అనామకులు అప్పుడే ఎగబడ్డారు.

కత్తెర ముందు రెండు బటన్లు ఉంటాయి. 'నిషిద్ధం' నొక్కితే ఫొటో జనానికి కనబడదుగాని, పెట్టినవాడి జాడ పోలీసుల కోసం భద్రంగా ఉంటుంది. ఫొటో వేలిముద్ర లాంటిదొకటి యంత్రం దాచుకుని, అదే మళ్లీ వస్తే గుమ్మంలోనే ఆపుతుంది. కాకపోతే పక్కసీటు మనిషి కూడా ఆ ఫొటో తెరిచి చూసి, సరేననాలి. రెండోది 'చెత్త'. ప్రకటనలకూ పిచ్చిరాతలకూ అది. సాక్షి అక్కర్లేదు. నొక్కగానే ఫొటోతోపాటు పెట్టినవాడి ఆనవాలూ తుడిచిపెట్టుకుపోతుంది. వేదిక యజమానులు వాక్‌స్వేచ్ఛ పేరుతో సభల్లో గొప్పలు పోయేది ఈ తుడిచివేత గురించే.

పక్కసీట్లో మీసాలాయన. మంచివాడు. అడక్కుండానే టీ తెచ్చిపెడతాడు. ఆయన కళ్లు చెల్లెలి ఒంటి మీద పడతాయన్న తలపుకే కత్తెరకు ఒళ్లు జలదరించింది. 'చెత్త' నొక్కేసింది. గండం గడిచిందని ఊపిరి కూడా పీల్చుకుంది.

అంతలోపే ఎవరో చూడనే చూశారు, చెల్లెలి చెవిన వేశారు. సాయంత్రం ఇంటికొచ్చిన చెల్లెలు ఏడవలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, తీసినవాడెవడు? ఆ గది వైపు మసిలే మగవాళ్లు కొద్దిమందే. తోటి కోచ్, నీళ్లు శుభ్రం చేసే అతను, వాచ్‌మన్.

"అది నీ చేతిలో పనేగా అక్కా. వాడెవడో చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

కత్తెర దాచలేదు. బటన్ల సంగతీ మీసాలాయన సంగతీ చెప్పేసింది. చెల్లెలు అంతా విని అంది.

"ఒక మంచివాడు చూస్తాడని ఆ వెధవను వదిలేశావన్నమాట."

"నీ పరువు పోతుందనే కదే..."

"అంతమంది చూశాక నా పరువు ఆయన ఒక్కడి దగ్గరే మిగిలిందా?"

చెల్లెలు ఫిర్యాదు చేస్తే పోలీసులు జాడ తెమ్మన్నారు. కత్తెర సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా ఒప్పుకుంది. ఆయన తిట్టినా బాగుండేది. చెరిపింది తిరిగి రాకపోవడమే మన వ్యాపారమమ్మా అని, నాలుగు రోజులు సెలవు పెట్టుకోమన్నాడు.

వ్యాపారానికి తిరిగి రానిది ఆ జాడ ఒక్కటే. ఫొటో మాత్రం నిక్షేపంగా తిరిగొచ్చింది. వేలిముద్ర దాచలేదు కనుక యంత్రానికి అది కొత్త ముఖం. ఈసారి కత్తెర 'నిషిద్ధం' నొక్కింది. మీసాలాయన తెరిచాడు, ఆమె వైపు చూశాడు, తల దించుకుని సరేనన్నాడు. ఆ మర్నాటి నుంచి టీ తేవడం మానేశాడు. దొరికిన జాడ ఎక్కడో పరాయి దేశంలో, ఇంకెక్కడి నుంచో ఎత్తుకొచ్చి అంటించినవాడిది. ఆ తర్వాత ఒకడు ఎడమను కుడి చేసి పెట్టాడు, ఒకడు అంచులు కోసి పెట్టాడు, ఇంకొకడు రంగులు మార్చాడు. ప్రతిసారీ యంత్రం మోసపోయింది, ప్రతిసారీ కత్తెర కోసింది. అసలువాడు మాత్రం ఒక్కసారే ఆమె వేలి కిందికి వచ్చి, చల్లగా జారిపోయాడు.

చెల్లెలు పని మానలేదు. మానేస్తే వాడు గెలిచినట్టేనని చుట్టాలు చెప్పిన నీతులు విని కాదు, ఈత తప్ప ఇంకో పని రాక. ఆ గదిలోకి వెళ్లడం మాత్రం మానేసింది. తడిబట్టల మీదే కోటు తొడుక్కుని బస్సెక్కి వస్తుంది.

ఒక సాయంత్రం గుమ్మంలోనే అడిగింది, ఇవాళ వచ్చిందా అని. లేదంది కత్తెర. అది అబద్ధమని చెల్లెలికి తెలుసు. కోటు విప్పుతూ మెల్లగా చెప్పింది.

"ఇవాళ వాచ్‌మన్ తాతయ్య అడిగాడు. తడిబట్టలతో పోతావేంటమ్మా, జలుబు చేస్తుంది, గది ఖాళీగానే ఉందిగా అని."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? పాపం, మంచికే అడిగాడేమో. ఆ మనిషికి నమస్కారం పెట్టాలో చెప్పు తియ్యాలో నువ్వే చెప్పాలక్కా."

కత్తెర లేచి, గుడ్డ తెచ్చి, చెల్లెలి కాళ్ల దగ్గర కారుతున్న నీళ్లు తుడవసాగింది.