గోదాంలో మంగళహారతి

ఎండుమిర్చి ఘాటుకు తుమ్ము వచ్చినప్పుడల్లా నాకు మంగళహారతి గుర్తుకొస్తుంది. ఈ మాట పైకి చెబితే మా జనగామ వీధిలో నన్ను అదోలా చూస్తారు. నిన్న పొద్దున మా ఇంటి ఎదురుగా మిరపకాయల బస్తాలతో ఒక ట్రాలీ ఆటో ఆగింది. డ్రైవరు చాయ్ తాగడానికి పోయాడు, గాలి ఇటు తిరిగింది. ఇంకేముంది, వరుసగా తుమ్ములు. ముక్కు తుడుచుకుంటూ లోపలికొచ్చి, వంటింటి గట్టు మీదున్న ఫోను అందుకుని, మళ్ళీ ఆ వీడియో పెట్టుకున్నాను. అందులో మా వదిన పట్టుచీర కట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుంది. పాట ఒక దారిన పోతుంటే ఆమె పెదవులు ఇంకో దారిన పోతుంటాయి. దాన్ని నేనెవరికీ పంపలేదు. పంపితే నవ్వుతారు. మొదట్లో నేనూ పొట్ట పట్టుకుని నవ్వినదాన్నే.

వదిన అంటే మా పెద్దన్న భార్య. అన్నకు మానుకోటలో, అదే కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తారే, అక్కడ పప్పులు, మిర్చి టోకు వ్యాపారం. ముందు ఇల్లు, వెనక గోదాం. వదిన పుట్టిల్లు భూపాలపల్లి జిల్లా టేకుమట్ల. ఆమె కోడలిగా వచ్చేనాటికి నేను లంగాఓణీలో ఉన్నాను. బడిపంతులమ్మగా రిటైరయి, జుట్టు నెరిసిపోయాక కూడా ఆమె నోట నేను 'పిల్లా'నే. ఆమెతో పాటు పుట్టింటి నుంచి వచ్చిన సామాన్లలో ఇప్పటికీ నాకు గుర్తున్నది ఒక్కటే, వాళ్ళమ్మ పాడే మంగళహారతి. 'హారతి అందుకోవమ్మా, మా ఇంటికి నువ్వే వెలుగమ్మా' అని పల్లవి. మాటలు మామూలువే. ఆ 'వెలుగమ్మా' దగ్గరికి వచ్చేసరికే ఉంది సంగతంతా. ఒకరోజు వదిన దాన్ని పైకి లాగి మెల్లగా దింపేది, ఒకరోజు సగంలో ఆపి, ఊపిరి తీసుకుని, మనం అయిపోయిందనుకునే సమయానికి మళ్ళీ అందుకునేది. పేరంటానికి వచ్చినవాళ్ళు తాంబూలం పుచ్చుకుని కూడా లేవకుండా దానికోసం కూర్చునేవాళ్ళు. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయేది గాని పాట అయ్యేది కాదు. "నీ పాటకు కర్పూరం దుకాణం ఇంకొకటి పెట్టాలె" అని అన్న గొణుగుతూనే ఇంకో బిళ్ళ వేసేవాడు.

కొన్నేళ్ళ కిందట వదినకు గొంతులో గడ్డ కనిపించింది. హనుమకొండ దవాఖానలో చూపిస్తే ఆపరేషన్ తప్పదన్నారు. ప్రాణానికి భయం లేదు గాని గొంతు మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేమన్నారు. ఆ సంగతి అన్న నాకు ఫోన్లో చెప్పి ఏడ్చాడు. వదిన మాత్రం ఫోను లాక్కుని, "మీ అన్న ఉత్తగనే పరేషాన్ అయితుండు. నువ్వొక్క పని చెయ్యి పిల్లా. మా అవ్వ పాట ఏడన్న దాచిపెట్టు. నా బిడ్డకు రాదు, కోడలికి రాదు. నాతోనే పోవద్దు గది" అంది. అవ్వ అంటే వాళ్ళమ్మే. ఇళ్ళల్లో కూర్చుని పాడుకుని, గొంతు స్టూడియోలో పాడినంత శుభ్రంగా వినిపించేలా వీడియోలు పెట్టేవాళ్ళను నేను అప్పటికే తెగ చూసేదాన్ని. ఇదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాను. కొంగుకు తగిలించుకునే చిన్న మైకు ఒకటి తెప్పించుకుని రైలెక్కాను.

బ్రహ్మవిద్యే అని మొదటిరోజే తెలిసిపోయింది. హాల్లో కొత్తగా వేయించిన నున్నటి బండలకు గొంతు తగిలి, స్నానాలగదిలో పాడినట్టు మోగింది. వంటింట్లోకి మారితే కుక్కరు కూసింది. పడకగదిలోకి పోతే, సరిగ్గా 'వెలుగమ్మా' దగ్గరే రైలు కూసింది. "మానుకోటల రైలు కుయ్యకుంటె ఇంకేం కూస్తది?" అని వదిన నన్నే కోప్పడింది. చివరికి మైకు పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ గోదాంలోకి పోయి, కందిపప్పు బస్తాల సందున నిలబడి "హలో" అంటే, ఆ మాట ఎక్కడికీ పోకుండా నా దగ్గరే ఉండిపోయింది. రైలు కూత కూడా ఎక్కడో మెత్తగా వినిపించింది. "గోదాంల మంగళహారతేందే, లక్ష్మీదేవి పప్పు కొననీకి వస్తదా?" అని అన్న నెత్తి కొట్టుకున్నాడు గాని, మిర్చి బస్తాల వైపు తలుపు తనే మూసి, హమాలీలను చాయ్‌కి పంపేశాడు. వదిన ఒక బస్తా మీద కూర్చుని పాడింది. అంత బాగా ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు.

పాట దాచడం అయింది కదా, ఇక ఊరుకుందామా అంటే వదిన ఒప్పుకోలేదు. "గొంతొక్కటే ఉంటె పాడింది ఎవలో ఎట్లెరుక? నా మొకం గూడ కనవడాలె" అంది. అది న్యాయమే. మరునాడు పట్టుచీర, పూలు, హాల్లో పూజగది ముందు దీపాలు. గోదాంలో పాడిన పాటను స్పీకరులో పెడతాను, దానికి పెదవులు కలుపు చాలు, వీడియోకు ఆ పాట అతికిస్తాను అన్నాను. "గొంతు తియ్యకు వదినా, రేపు దవాఖాన ఉంది, ఉత్త పెదవులు కదుపు" అని పంతులమ్మలా చెప్పాను. పాట మొదలైంది. మొదటి వరుస కుదిరింది. 'వెలుగమ్మా' దగ్గర పాట కిందికి దిగింది, వదిన నోరు మాత్రం పైకి పోయింది. పాట ఆగిపోయాక కూడా, కళ్ళు మూసుకున్న ఆమె పెదవులు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. మళ్ళీ తీశాం. ఈసారి ఇంకో రకంగా తప్పింది. ఎన్నిసార్లు తీసినా అంతే. నాకు విసుగొచ్చి, "నీ పాటే కదా వదినా, నీకే రాకపోతే ఎట్ల?" అన్నాను. ఆమె పళ్ళెం కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "నిన్న పాడింది నిన్ననే అయిపాయె పిల్లా. ఇయ్యాల ఎట్లొస్తదో గట్లనే వస్తది. దాన్ని పట్టుకొని నేను ఎన్కకెట్ల పోవాలె?" అంది.

అయితే పూజగది ముందే పాడిస్తాను, ఒక ఫోనులో బొమ్మ, ఇంకో ఫోనులో గొంతు, మొదట చప్పట్లు కొడితే ఆ చప్పుడు పట్టుకుని రెండూ కలపొచ్చు అన్నాను. మరి మోగే బండల సంగతి? గోడలకు గోనె సంచులు వేలాడదీద్దామని అన్న ఉపాయం చెప్పాడు. తనే మోసుకొచ్చాడు, తనే మేకులు కొట్టాడు. అవి మిర్చి సంచులని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు; ఆ ఇంటి గాలికి అలవాటుపడిన ముక్కులకు ఆ వాసన వాసనే కాదు. నేను చప్పట్లు కొట్టాను. దుమ్ము లేచిందేమో తెలియదు గాని వదిన పల్లవి ఎత్తుకుని, 'వెలుగమ్మా'ను అందుకుని, ఎప్పుడూ వినని ఒక మెలిక వైపు తిప్పబోతూ, ఫెడీమని తుమ్మింది. తర్వాత అన్న, తర్వాత నేను. "అమ్మవారికి గూడ తుమ్ము తెప్పించిండు మీ అన్న!" అని వదిన గోడకానుకుని నవ్వింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో పాటు దగ్గు మొదలై ఇక ఆగలేదు. ఆరోజు మళ్ళీ పాడలేకపోయింది. తెల్లవారి దవాఖానలో చేరాలి.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి చక్కగా తిరిగొచ్చింది. మాట మాత్రం గీరుకుపోయి, కిందిస్థాయిలోనే ఆగిపోయింది. నెలలు గడిచాయి, కషాయాలు, కసరత్తులు అన్నీ అయ్యాయి. పాట రాలేదు. "మనిషి దక్కింది, గది చాలు" అంటాడు అన్న. నేనూ అవుననే అంటాను. అంటాను గాని, మా ఇంట్లో హారతి ఇచ్చిన ప్రతిసారీ నా చెవులు ఆ 'వెలుగమ్మా' కోసం వెతుక్కుంటూనే ఉంటాయి. నాకు ఆ గొంతు కావాలి. ఎదుట నిలబడి, ఈసారి ఎటు తిప్పుతుందో తెలియకుండా కూర్చుని వినాలి.

పోయిన శ్రావణ శుక్రవారం మానుకోట పోయాను. పేరంటాళ్ళు వచ్చారు. వదిన ఫోనును పూల వెనక పెట్టి, గోదాంలో పాడిన పాట మోగిస్తూ, పళ్ళెం పట్టుకుని పెదవులు కదిపింది. ఒక్క చోట తప్పలేదు. ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే తీసుకుంది, ఎక్కడ దింపిందో అక్కడే దింపింది. కొత్తగా వచ్చిన ఒకావిడ నిజంగానే పాడుతోందనుకుని, గొంతు ఎంత బాగుందో అని మెచ్చుకుంది. ఆ పాటను వదిన ఇన్నేళ్ళుగా రోజూ వింటోందట, వాళ్ళ కోడలు చెప్పింది. నేను ఒక మూల కూర్చుని, ఒక్కసారి తప్పు వదినా, ఒక్కచోట తప్పు అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. అందరూ పోయాక ఆమె నా పక్కన కూర్చుని, ఆ గీరుగొంతుతోనే, "చూసినవా పిల్లా? ఇప్పుడు తియ్యరాదు వీడియో. గిప్పుడు మంచిగ కలుస్తది" అంది. తీశాను. మొదటిసారికే కుదిరింది. చుట్టాలందరూ ఒకరికొకరు పంపుకుంటున్నారు.

నేను మాత్రం పెదవులు కలవని ఆ పాత వీడియోనే చూస్తాను, అదీ పాట వినబడకుండా కట్టేసి. 'వెలుగమ్మా' దగ్గర వదిన పెదవులు ఏదో కొత్త మలుపు తిరుగుతాయి. ఆ పూట దానికి గొంతు కలపొద్దని నేనే అన్నాను, ఈ పూట ఆమెకే గొంతు లేదు. అది ఎట్లా ఉండేదో అడుగుదామనుకుంటాను, అడగను. నిన్న పాడింది నిన్ననే అయిపోతుందని ఆమె నాకు ముందే చెప్పింది.