బెర్నీ చేతి బూర

సరస్సు ఒడ్డునున్న ఈరీ ఊరి ఫుట్‌బాల్ జట్టులో నూట ముప్పై కిలోల మొనగాళ్ళు తొంభై మంది ఉన్నారు. వాళ్ళందరినీ ఒక్క వేలితో ఆపగలిగేది బెర్నడెట్ కుజ్మిట్స్కీ ఒక్కతే. అందరూ బెర్నీ అని పిలిచే ఆవిడ ఐదడుగులు, అదీ బూట్లతో కలిపి.

ఆ వేలి కింద ఉండేది ఒక బూర, ప్రాక్టీసు ఆగాలంటే అదే మోగాలి. కింద గ్యాసు డబ్బా, దాని నెత్తిన ఎర్ర గొట్టం. ఆవిడ నొక్కితే సరస్సులో పోయే ఓడలు తమనే పిలుస్తున్నారనుకుని తిరిగి కూసేవి. ఒకసారి ఒక సరుకు ఓడ ఒడ్డుదాకా వచ్చి "ఏం కావాలి?" అని అడిగి మరీ వెళ్ళిందంటారు. అబద్ధమని ఇంతవరకు ఎవరూ రుజువు చెయ్యలేదు.

చిన్నప్పుడు సన్యాసినుల బడిలో గంట కొట్టే పని బెర్నీదే. "గంట మోగాక నోట్లో ఉన్న మాట మింగెయ్యాలి, బయటికి రాకూడదు" అనేది సిస్టర్ పెర్పెచువా. పెద్దయ్యాక జట్టు బట్టలుతికే నేలమాళిగలో పంతొమ్మిదేళ్ళు గడిపింది. ఆటగాళ్ళ మేజోళ్ళ వాసన చూసి ఎవరివో చెప్పేసేది. ఎనిమిదేళ్ళ కిందట బూర చేతికొచ్చాకే ఆవిడ పనివేళల్లో సూర్యుణ్ణి చూసింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది తక్కువ, బంతి చేత పట్టుకుని పరిగెత్తేది, గుండెలతో గుద్దేది ఎక్కువ. ఆట మొదలయ్యేది సెప్టెంబరులో. కోచ్‌లకు మాత్రం వసంతంలోనే చేతులు దురద పెడతాయి. అందుకే ఆటగాళ్ళ సంఘం పట్టుబట్టి రూల్సు పెట్టించింది. ఆటలు లేని ఆ నెలల్లో భుజాల తొడుగులు ఉండవు, గుద్దుకోకూడదు, పడగొట్టకూడదు, మైదానంలో రోజుకు రెండు గంటలు దాటకూడదు. పెళ్ళికి పిలిచి, వడ్డించిన విస్తరి చూసి లెమ్మన్నట్టే. రూలు రూలే మరి.

పోయినేడు కోచ్ హూక్‌స్ట్రా "ఇంకొక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి" అని బతిమాలితే బెర్నీ జాలిపడి వేలు ఆపింది. నాలుగు నిమిషాలు ఎక్కువయ్యాయి. లీగు నాలుగు రోజుల ప్రాక్టీసు కోసేసింది. "ఇంకోసారి ఇలా జరిగితే బూర పని మెషీన్‌కి, నువ్వు మళ్ళీ కిందికి" అని ఆఫీసువాళ్ళు బెర్నీకి తేల్చి చెప్పారు.

ఈ ఏటి వసంతం ప్రాక్టీసుకి ఇవాళ చివరి రోజు. మే నెలని సరస్సు గాలి లెక్కచెయ్యలేదు, చెవులు కొరికేస్తోంది. మైదానం గీత పక్కన, రూల్సు తప్పకుండా చూడ్డానికి ఆటగాళ్ళ సంఘం తరఫున వచ్చిన ఆల్డ్‌రిచ్, చేతిలో గడియారం, చంకలో పుస్తకం.

గంటా యాభై తొమ్మిది నిమిషాలు. ప్రాక్టీసు అయిపోయిందని చెప్పే కూత కోసం బెర్నీ బూర నొక్కింది.

ఉస్స్‌స్.

మళ్ళీ నొక్కింది. ముసలి పిల్లి తుమ్మినట్టయింది. పొద్దుట్నించీ ఆ చలిలో కూసి కూసి డబ్బా చల్లబడి గ్యాసు జోరు తగ్గింది. దాని జబ్బూ, మందూ బెర్నీకి తెలుసు. ఒంటి వేడి తగలాలి, ఒక నిమిషం పట్టాలి. చప్పున కోటు లోపల దోపుకుంది.

"కోచ్! టైమైపోతోంది!"

"నాకేం వినబడలా!" హూక్‌స్ట్రా కళ్ళు మెరిశాయి. "రండి రా, నిలబడండి! బూర మోగేదాకా ఆటే!"

"కోచ్, నీ పుణ్యముంటుంది!"

"ఒక్కటే, బెర్నీ, నా బంగారం!"

"పోయినేడూ ఒక్కటే అన్నావు. ఆ ఒక్కటి నాలుగు పిల్లల్ని పెట్టింది!"

ఎవరు వింటారు? బూర తప్ప ఇంకే శబ్దానికీ ఆగొద్దని కుర్రాళ్ళకి నేర్పిందే ఆ మహానుభావుడు. మెడలోని గడియారం చూసుకుంది బెర్నీ. ఇంకా ముప్పై సెకన్లే ఉన్నాయి. ఈ ఆట మొదలైతే రెండు గంటలు దాటడం ఖాయం. నేలమాళిగ తడి గోడలు కళ్ళముందు ఆడాయి.

నేరుగా మైదానంలోకి నడిచింది. బంతి మీద చెయ్యేసి కొండలా వంగి ఉన్నాడు డెషాన్ ప్రూయిట్. బెర్నీ అతని ముందు అరచెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు నాన్నా."

పదకొండేళ్ళ కిందట జట్టులోకి వచ్చిన కొత్తలో ఆ చెయ్యి చాపితే మాసిన మేజోళ్ళు ఇచ్చేవాడు, ఆ అలవాటు ఇంకా పోలేదు. ఆలోచించకుండా బంతి ఇచ్చేశాడు. ఇచ్చాక బిత్తరపోయాడు.

"మిస్ బెర్నీ? అది బంతండీ!"

అప్పటికే బెర్నీ పరుగందుకుంది.

బంతి పట్టుకుని ఎవరు పరిగెత్తినా వెంటపడటం ఆ కుర్రాళ్ళ నెత్తుట్లో ఉంది. తొంభై మందీ కదిలారు. నేల అదిరింది, ఒడ్డున కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. అందరికంటే ముందు సిమీ లెయాతువా, కొత్తగా వచ్చిన కుర్రాడు, రెండు చేతులూ చాపి దూకబోయాడు.

"తాకావో, చచ్చావురా!" వెనక్కి చూడకుండానే అరిచింది బెర్నీ. "గుద్దకూడదు! రూలు!"

సిమీ మునివేళ్ళ మీద ఆగాడు. చేతులు పైకెత్తాడు. తాటిచెట్టులా ఊగి ఊగి పక్కనున్న బురదలో కూలాడు. అతని మీదుగా దూకలేక మిగతావాళ్ళు చెరోపక్కకి చీలిపోయారు. ఈరీలో అంతమంది వీరులు ఒక్క మనిషిని ముట్టుకోకుండా తరమడం అదే మొదలు.

హూక్‌స్ట్రా బుర్రలో ఏదో తెగింది. బంతితో పరిగెత్తే మనిషిని చూస్తే నలభై ఏళ్ళుగా ఆగని నోరు కదా! గడియారం మర్చిపోయాడు, ఆఖరి ఆట మర్చిపోయాడు.

"ఎడమకి, బెర్నీ, ఎడమకి! గీత పట్టుకో! మోకాలెత్తు! అబ్బ, ఏం పరుగే తల్లీ!"

అరవై ఒక్కేళ్ళ మోకాళ్ళు, తిందామని దాచుకుంటే జేబులో ఎగిరెగిరి పడే మాంసం బన్ను, కోటులో వెచ్చబడుతున్న బూర. ఎనిమిది సెకన్లు. ఐదు. తెల్ల గీత కనబడింది. కాలు జారింది. బెర్నీ బంతితో సహా గీత అవతల బోర్లా పడింది. ఒంటి బరువంతా కోటులోని బూర మీట మీద పడింది.

భోఁఁఁ!

తొంభై మందీ ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయారు. సరస్సులోంచి ఓడ తిరిగి కూసింది.

ఆల్డ్‌రిచ్ పరుగున వచ్చాడు. గడియారం చూశాడు, బురదలోని సిమీని చూశాడు, బెర్నీని చూశాడు.

"గంటా యాభై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. ఎవరైనా తాకారా అమ్మా?"

"నేల తాకింది."

అతను నవ్వాపుకోలేక పుస్తకం మూసేశాడు. "రెండు గంటల లోపే ముగిసింది. ఏ తప్పూ లేదు. అలాగే రాస్తాను."

డెషాన్ వచ్చి, చెయ్యి పట్టుకుని గబుక్కున లేపి నిలబెట్టాడు. కుర్రాళ్ళు "మిస్ బెర్నీ! మిస్ బెర్నీ!" అని కేకలు పెడుతున్నారు. వాళ్ళని తోసుకుంటూ హూక్‌స్ట్రా వచ్చాడు, మొహం ఎర్రటి టమాటాలా ఉంది.

"బాగా పరిగెత్తావు, కాదన్ను. కానీ బంతి గీత వైపు చేతిలో పట్టుకోవాలి, ఇలా మోచెయ్యి లోపలికి పెట్టి..."

బెర్నీ కోటులోంచి బూర తీసి, మట్టి తుడిచి, అతని ముక్కు ముందు పెట్టింది.

"రెండు గంటలైపోయాయి కోచ్. ఇక ఇవాళ నువ్వు ఎవరికీ కోచింగ్ ఇవ్వకూడదు."