కిషన్‌రావు గారి నాలుగు జానలు

కిషన్‌రావు గారు కంటికి కనబడిన ప్రతిదాన్నీ జానలేసి కొలుస్తారు. బస్సు సీటు, డాక్టరు గారి బల్ల, పుట్టినరోజు కేకు, ఏదీ ఆయన చేతిని తప్పించుకోలేదు. మా గృహప్రవేశం నాడు అందరూ పాయసం తింటుంటే ఈయన గోడ వెంబడి జానలేసుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయారు.

"అచ్యుతూ, నీ కిచెన్ పదకొండు జానలే ఉన్నది. అమ్మినోడు ఎంతని చెప్పిండు?"

"ఆయన జానల్లో చెప్పలేదంకుల్."

"చూసినవా, మోసం అక్కడ్నే ఉన్నది."

వరంగల్‌లో రోడ్ల శాఖ ఓవర్సీరుగా చేసి, బర్మింగ్‌హామ్ పక్కనున్న మా చిన్న ఊళ్లో బస్సు డిపో ఉద్యోగంలో కుదురుకున్న మనిషి. మేమంతా కలిసి ఒకసారి మంచి స్టీలు టేపు బహుమతిగా ఇచ్చాం. దాని పొడుగు నిజమో కాదో అని ముందు దాన్నే జానలేసి చూశారు. తర్వాత తిరిగిచ్చేశారు. "టేపంటే ఇంట్ల మరిచిపోతం. చెయ్యి మరిచిపోతమా?" అన్నారు.

2003లో మేం ప్రతి ఆదివారం కౌన్సిల్ వాళ్ల, అంటే మా ఊరి మునిసిపాలిటీ వాళ్ల, లీజర్ సెంటర్లో బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం. రావు గారు రాకెట్ ముట్టేవారు కాదు. గీత దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. షటిల్ గీత పక్కన పడిందంటే చాలు, పరుగెత్తుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, జాన వేసి తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు. అరగంట ఆట గంటన్నర సాగేది.

మాలో అసలైన ఆటగాడు ప్రేమ్‌నాథ్. గుంటూరువాడు, ఆస్పత్రిలో నర్సు. వాడు స్మాష్ కొడితే మేం షటిల్‌ని ఆపడం మానేసి తలలు కాపాడుకునేవాళ్లం. ఆ చలికాలం కారు ప్రమాదంలో వాడి వెన్నుకు దెబ్బ తగిలింది. ఇక చక్రాల కుర్చీయే అన్నారు డాక్టర్లు. ఏడు నెలల తర్వాత, కూర్చునైనా కొడుదువుగాని రమ్మని బతిమాలి తీసుకొచ్చాం.

ర్యాంపు ఎక్కాడు, రిసెప్షన్ దాటాడు. బ్యాడ్మింటన్ హాలు తలుపులో కుర్చీ ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వెనకాల వ్యాయామం క్లాసు ఆడవాళ్లు ఇరవై మంది ఆగిపోయారు. రిసెప్షన్ అమ్మాయి సారీ మీద సారీ చెబుతోంది. ప్రేమ్‌నాథ్ తలెత్తడం లేదు. సరిగ్గా అప్పుడు రావు గారు వంగి ఆ కుర్చీకి జానలేయడం మొదలుపెట్టారు!

"అంకుల్! ఇప్పుడా?" అన్నాను.

"జర ఆగు. కుర్చీ మూడు జానల బెత్తెడు. తలుపు మూడు జానలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రేమ్‌నాథ్ మెల్లగా, "నన్ను ఇంటికి తీసుకెళ్లండ్రా. ఇంకెప్పుడూ పిలవమాకండి" అన్నాడు. ఆ తర్వాత రాలేదు కూడా. మేం పాపం అనుకున్నాం, ఆడుకుంటూనే ఉన్నాం. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రావు గారు మాత్రం గీత వదిలేసి సెంటరంతా కొలవసాగారు. ఈత కొలను మెట్లు, బట్టలు మార్చుకునే గదులు, టాయిలెట్ తలుపులు అన్నీ అయ్యాయి. ఎవరో ఇన్‌స్పెక్టరు అనుకుని సిబ్బంది టీ ఇచ్చేవారు. ఆయన కప్పు కూడా కొలిచి తాగేవారు.

మరుసటి ఏడాది వసంతంలో కౌన్సిల్ వాళ్లు 'అందరికీ ఆటలు' అని మీటింగు పెట్టారు. ఆఫీసరమ్మ రంగురంగుల పోస్టర్లు, రాయితీ కార్డులు చూపించి, ఎవరైనా మాట్లాడతారా అని అడిగింది. రావు గారు ఎనిమిది కాగితాలు పట్టుకుని లేచారు. నేను కుర్చీలో కిందికి జారిపోయాను.

"మేడమ్, డోర్ త్రీ జాన. చెయిర్ త్రీ జాన అండ్ ఫోర్ ఫింగర్స్. పోస్టర్ వెరీ గుడ్. మ్యాన్ నాట్ గోయింగ్."

జాన అంటే ఎన్ని సెంటీమీటర్లని అడిగిందామె. రావు గారు ఒక తెల్ల కాగితం మీద చెయ్యి చాచి పెట్టి, చుట్టూ పెన్నుతో గీసి, కింద సంతకం చేసి ఇచ్చారు. హాలంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. స్కేలు తెప్పించి కొలిచింది. ఇరవై రెండు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ లెక్క కట్టుకుంది. ఇన్ని కొలతలు తమ దగ్గర కూడా లేవంది. ఇంత శ్రమ ఎవరి కోసమని అడిగింది.

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు అచ్యుతూ, నాకంత ఇంగ్లీషు రాదు. ఆ దినం మన ప్రేమ్‌నాథ్ సిగ్గుపడ్డడు. సిగ్గుపడాల్సింది తలుపు గదా? తలుపుకు సిగ్గు లేదాయె. వీళ్లకన్నా చెబుదామని కొలిచిన."

నేను లేచి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ప్రతి మాటా రాసుకుంది.

సెప్టెంబరుకల్లా సెంటర్లో తలుపులన్నీ నాలుగు జానలయ్యాయి. రావు గారు స్వయంగా ప్రేమ్‌నాథ్ ఇంటికెళ్లి, "కొలిచి వచ్చిన. రెండు దిక్కులా సందుంటది. నడువ్" అన్నారట. ఆ ఆదివారం ప్రేమ్‌నాథ్ కుర్చీ ఎక్కడా తగలకుండా హాల్లోకి వచ్చింది. మేం సగం కోర్టులో ఆట పెట్టాం. నాలుగో సర్వీసుకే వాడు కొట్టిన దెబ్బకి షటిల్ నా చెవి పక్కనుంచి దూసుకెళ్లి వెనక గీత దగ్గర పడింది. అందరం చప్పట్లు కొట్టాం.

రావు గారు పరుగెత్తుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. "బెత్తెడు అవుట్!"

చప్పట్లు ఆగిపోయాయి. "అంకుల్, ఇవాళ ఒక్కరోజైనా..." అని గొణిగాను.

"ఏందయ్యా? ఆయన కూసుండి కొడితే గీత జరుగుతదా?"

ప్రేమ్‌నాథ్ పకపకా నవ్వాడు. ప్రమాదం తర్వాత వాడు అలా నవ్వగా చూడటం అదే మొదటిసారి. చక్రాలు తిప్పుకుంటూ గీత దగ్గరికి వచ్చేశాడు. "అవుటేందంకుల్! మీ చెయ్యి ముడుచుకుపోయింది. సరిగ్గా చాపి మళ్లీ కొలవండి!"

"నా చెయ్యి కౌన్సిల్ ఫైల్ల ఉన్నది, పోయి చూసుకో!"

పావుగంట పోట్లాడుకున్నారు. ఈలోగా మా కోర్టు టైమ్ అయిపోయింది.